డయాబెటిస్‌లో ఇన్సులిన్ సిగ్నల్ దారుల చార్టు గీయడం ఎలా?

ఒక తెల్ల చార్టు, పెన్సిలు, రబ్బరు, ఎరుపు, ఆకుపచ్చ స్కెచ్ పెన్నులు చాలు. చార్టు అడ్డంగానే పెట్టాలి. నిలువుగా పెడితే పక్కదారులకు చోటుండదు. రెడీమేడ్ బొమ్మ ప్రింటు తీసి అతికించే పని మాత్రం వద్దు, అలా చేసినవాళ్లకు మర్నాటికి ఒక్క బాణమూ గుర్తుండదు.

కండరం కణాన్నే తీసుకోండి. పొర గీసి దాని మీద ఇన్సులిన్ రిసెప్టర్ (ఇన్సులిన్‌ను పట్టుకునే ప్రోటీన్), దాని పైన ఇన్సులిన్ చుక్క పెట్టండి. కింద వరసగా సిగ్నల్‌ను ఒకదాన్నుంచి ఒకటి అందుకునే ప్రోటీన్లు ఐఆర్‌ఎస్-1, పీఐ3 కైనేజ్, ఏకేటీ రాయండి. కైనేజ్ అంటే ఫాస్ఫేట్ తగిలించే ఎంజైము. ఏకేటీ హుకుంతో లోపలి సంచుల్లోని గ్లూట్-4 (గ్లూకోజ్‌ను లోపలికి పంపే ప్రోటీన్) పొర మీదికి వస్తుంది, గ్లూకోజ్ లోపలికి పోతుంది. ఇది ఐదు నిమిషాల పని.

ఇక అందరూ పాడుచేసే చోటు ఐఆర్‌ఎస్-1. ‘ఇన్సులిన్ రెసిస్టెన్స్’ (ఇన్సులిన్ ఉన్నా కణం దాని మాట సరిగా వినకపోవడం) అనగానే రిసెప్టర్ మీద ఇంటూ కొట్టేస్తారు. కొట్టకండి. రిసెప్టర్‌లోనే పుట్టులోపం ఉండడం చాలా అరుదు. మామూలు టైప్-2లో గొడవ ఎక్కువగా దాని కిందే.

టైరోసిన్, సీరిన్ అనేవి ప్రోటీన్ గొలుసులోని అమైనో ఆమ్లాలు. ఐఆర్‌ఎస్-1 మీద టైరోసిన్ దగ్గర రిసెప్టర్ ఫాస్ఫేట్ తగిలిస్తే సిగ్నల్ ముందుకు పోతుంది. అదే ఫాస్ఫేట్‌ను కొన్ని సీరిన్ల దగ్గర వేరే కైనేజ్‌లు తగిలిస్తే సిగ్నల్ నీరసిస్తుంది. అందుకే ‘ఐఆర్‌ఎస్-1కి ఫాస్ఫేట్ చేరింది’ అని రాస్తే ఏమీ రాయనట్టే. ఎక్కడ చేరిందో రాయాలి. టైరోసిన్‌కు ఆకుపచ్చ, సీరిన్‌కు ఎరుపు.

ఎరుపు బాణాలు మూడు గీయండి. కొవ్వు కణజాలం నుంచి వచ్చే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా (ఇన్‌ఫ్లమేషన్ కబురు మోసే ప్రోటీన్) రెచ్చగొట్టే జేఎన్‌కే అనే కైనేజ్ ఒకటి. కండరంలో పేరుకున్న కొవ్వు లేపే పీకేసీ అనే కైనేజ్ రెండోది. మూడోది ఎస్6 కైనేజ్, ఇది బయటిది కాదు. ఏకేటీ నుంచి ఎమ్‌టార్ అనే మరో కైనేజ్ మీదుగా దిగి, వెనక్కి తిరిగి ఐఆర్‌ఎస్-1నే కాటేస్తుంది. అంటే ఈ దారికి బ్రేకు ఈ దారిలోనే ఉంది. ఆ బాణం వంకర తిప్పి గీయకపోతే చార్టు చించేయండి.

ఇంకో జాగ్రత్త. సీరిన్లన్నీ విలన్లు కావు, కొన్ని సిగ్నల్‌కు సాయమే చేస్తాయి. ప్రోటీన్ గొలుసులో వరస నంబరు కూడా చూసుకోండి: ఎలుకలో 307 నంబరు సీరిన్ మనిషిలో 312. ఎలుక నంబరు తెచ్చి మనిషి బొమ్మలో రాసిన చార్టులు దిద్దీ దిద్దీ విసుగొచ్చింది.

తరవాత ఏఎంపీకే, కణంలో శక్తి తగ్గితే పసిగట్టే కైనేజ్. వ్యాయామంతో మేలుకునే ఈ దారిని ఐఆర్‌ఎస్-1 తాకకుండా పక్కనుంచి నేరుగా గ్లూట్-4 వైపు గీయండి. రెసిస్టెన్స్ ఉన్నవాళ్లకు కూడా నడిస్తే షుగర్ దిగడానికి ఈ అడ్డదారి ఒక కారణం.

కాలేయానికి వేరే చార్టు. అక్కడ ఫాక్స్‌ఓ1 (గ్లూకోజ్ తయారీ జన్యువులను నడిపే ప్రోటీన్) మీద ఇన్సులిన్ పట్టు సడలి గ్లూకోజ్ తయారీ ఆగదు, కొవ్వు తయారీ మాత్రం ఇన్సులిన్ మాట వింటూనే ఉంటుంది. షుగరూ ఫ్యాటీ లివరూ జంటగా కనిపించేది అందుకే.

టైప్-1కి కొత్త బొమ్మ అక్కర్లేదు, అక్కడ అసలు లోటు ఇన్సులిన్‌దే. మొదటి చార్టులో ఎరుపు బాణాలు తీసేసి, పైన ఇన్సులిన్ చుక్కను రబ్బరుతో చెరిపేస్తే చాలు.