సదస్సు వీసా, 3వ పాఠం: ఖర్చు ఎవరు పెడుతున్నారు?

ఈసారి వీసా ఇంటర్వ్యూ గురించి మొదలుపెడదామనుకున్నాను, కానీ దాన్ని వచ్చే పాఠానికి జరిపాను. పోయిన పాఠం చదివి ఆహ్వాన పత్రం తెప్పించుకున్నవాళ్లు నాకు పంపినవన్నీ చదివితే, చాలామంది ఒకే దగ్గర, ఖర్చు ఎవరు పెడుతున్నారో చూపించే దగ్గర, ఆగిపోయారని అర్థమైంది. కొందరైతే రిజిస్ట్రేషన్ అవగానే దానంతటదే వచ్చే మెయిల్‌ని ప్రింట్ తీసి అదే ఆహ్వానం అనుకున్నారు. అది డబ్బు కట్టినందుకు రసీదు, అంతే. ఆహ్వాన పత్రంలో పాస్‌పోర్టులో ఉన్నట్టే మీ పేరు, పాస్‌పోర్టు నంబరు, సదస్సు తేదీలు, జరిగే చోటు, అక్కడ మీరు పేపర్ చదువుతారా, పోస్టర్ పెడతారా, వినడానికే వెళ్తున్నారా అన్న సంగతి ఉండాలి, కింద రాసినవాళ్ల పేరు, హోదా, సంతకం ఉండాలి. ఏది లేకపోయినా నిర్వాహకులకి మళ్లీ రాయండి, మొహమాటం వద్దు. విదేశాల నుంచి జనం వచ్చే సదస్సు నడిపేవాళ్లకి ఇలాంటి మెయిళ్లు అలవాటే.

ఇక అసలు చిక్కు. 'ట్రావెల్ గ్రాంట్ (ప్రయాణ ఖర్చుకి ఇచ్చే సాయం) వచ్చింది కదా, బ్యాంకు స్టేట్‌మెంట్ ఎందుకు?' అని ఇంతమంది అడుగుతారని నేను అనుకోలేదు. మీ గ్రాంట్ లెటర్ తీసి డబ్బు గురించిన వాక్యం ఒక్కటే నెమ్మదిగా చదవండి. ఎక్కువ లెటర్లలో ఉండేది 'సదస్సు అయ్యాక బిల్లులు పంపితే ఫలానా మొత్తం వరకు తిరిగి చెల్లిస్తాం' అని. అంటే టికెట్, గది, ఇన్సూరెన్స్ అన్నీ ముందు మీ జేబులోంచే పోతాయి, వాళ్లిచ్చేది తర్వాత, అదీ ఒక పరిమితి దాకానే.

షెంగెన్ వీసా (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలది) దరఖాస్తు ఫారం చివర్లో ఖర్చుల గడి ఉంటుంది. ఒకవైపు 'దరఖాస్తుదారు స్వయంగా', ఇంకోవైపు 'స్పాన్సర్', అంటే మీ ఖర్చు భరించేవాళ్లు. చాలామంది చేసేదేంటంటే స్పాన్సర్ దగ్గర 'బస సమయంలో అన్ని ఖర్చులూ' అన్నదానికి టిక్ పెట్టి ఊరుకుంటారు. ఫైలు చూసే అధికారి గ్రాంట్ లెటర్ తెరిస్తే అందులో డబ్బు తర్వాత ఇస్తామని ఉంటుంది. మరి ఇప్పుడు టికెట్ ఎవరు కొంటున్నారు? ఫైల్లో జవాబు లేదు. తిరస్కరణ పత్రంలో కారణాలు ముందే అచ్చువేసి ఉంటాయి, వాటిలో ఒకటి బసకు సరిపడా ఆర్థిక వనరులు చూపలేదని. ఎదుట గ్రాంట్ లెటర్ ఉండగానే ఆ కారణం పక్కన టిక్ పడుతుంది. మంచి పని చేసి, పేపర్ ఎంపికై, ఈ ఖర్చుల గడి ఒక్కదాని దగ్గర ఆగిపోయినవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

గ్రాంట్ గది వరకే అయితే స్పాన్సర్ వైపు బస ఒక్కటే టిక్ పెట్టి, మిగతాది మీ వైపు పెట్టండి. టికెట్ ఆఫీసు కొంటుంటే ఆఫీసు లెటర్లో ఆ మాట స్పష్టంగా ఉండాలి, మీ సెలవు తేదీలూ అందులోనే ఉండాలి. సదస్సు శుక్రవారం ముగుస్తుంది, మీ విమానం ఆదివారం, గ్రాంట్ వాళ్లిచ్చిన గది శుక్రవారం వరకే, అలాంటప్పుడు ఆ రెండు రాత్రులు ఎక్కడ, ఎవరి డబ్బుతో? ఇది దాదాపు అందరూ మర్చిపోతారు. నాన్నగారు డబ్బు సర్దుతుంటే దాచకండి, ఆయన రాసిన లెటర్, ఆయన స్టేట్‌మెంట్ రెండూ పెట్టండి. వారం ముందు ఎవరి దగ్గరో తెచ్చి ఖాతాలో పెద్ద మొత్తం వేయడం మాత్రం వద్దు, నెలల స్టేట్‌మెంట్లో ఆ ఒక్క వరసే ముందు కంటపడుతుంది. అమెరికా వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారంలోనూ ప్రయాణ ఖర్చు ఎవరిదన్న ప్రశ్న ఉంటుంది, అక్కడ రాసిందే ఇంటర్వ్యూలో నోటితోనూ చెప్పాలి.

నా పద్ధతి ఏంటంటే, కవరింగ్ లెటర్లో (దరఖాస్తుతో పాటు పెట్టే ఉత్తరంలో) సదస్సు ఎంత గొప్పదో వర్ణించను. రెండు పేరాలు రాసి కింద ఒక పట్టిక వేస్తాను: ఖర్చు, ఎంత, ఎవరు పెడుతున్నారు, రుజువు ఏ పేజీలో. పేజీల కింద మూలన పెన్సిల్‌తో నంబర్లు వేస్తాను. ఎవరూ అడగరు, కానీ చూసేవాళ్లకి వెతుక్కునే పని తగ్గుతుంది.

ఫోటో, అపాయింట్‌మెంట్ సంగతులు మీకు తెలిసినవే. షెంగెన్‌కి ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలది ఉండాలి. దరఖాస్తు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి చేసుకోవచ్చు, 15 రోజుల ముందు దాకానే గడువు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 దాకా పోతుంది కాబట్టి చివరి వారం దాకా ఆగొద్దు. వీసా రాకముందే డబ్బు వెనక్కి రాని టికెట్ కొనొద్దు, రిజర్వేషన్ చాలు.

అభ్యాసం. కాస్త కష్టమైనదే ఇస్తున్నాను. ఫారం ముట్టకుండా ముందు ఆ పట్టిక రాయండి, ఇంట్లో బయల్దేరిన రోజు నుంచి తిరిగొచ్చే రోజు దాకా ప్రతి రాత్రికీ ఒక వరస. తర్వాత మీ ప్రయాణం గురించి ఏమీ తెలియనివాళ్లకి ఫైలు మొత్తం ఇచ్చి మూడు ప్రశ్నలు అడగండి: టికెట్ డబ్బు ఎవరిది, చివరి రాత్రి పడక ఎక్కడ, వెనక్కి వచ్చి ఏ పనిలో చేరాలి. వాళ్లు మీ మొహం చూడకుండా కాగితాల్లోంచే జవాబు చెప్పాలి. ఎక్కడైనా మిమ్మల్ని అడిగారంటే నోటితో వివరించొద్దు, ఆ కాగితం మార్చి ఇంకొకరికి ఇవ్వండి. ఇంటర్వ్యూ పాఠానికి ఈ పట్టిక దగ్గర పెట్టుకోండి, ప్రశ్నలన్నీ దాని మీదే అడుగుతాను.