దసరా పైసలు ఇంటి లోన్‌లో కట్టే ముందు జాగ్రత్తలు

సింగరేణి లాభాల వాటా దసరాకు, బోనస్ దీపావళికి చేతికొస్తాయి. పత్తి అమ్మిన డబ్బు ఆ వెనకే వస్తుంది. భూపాలపల్లిలో, గోదావరిఖనిలో, హన్మకొండలో ఇంటి లోన్ నడుస్తున్నవాళ్లు ఒకేసారి రెండు, మూడు లక్షలు కట్టి భారం దించుకోవాలని చూసేది ఈ రోజుల్లోనే. మంచి పనే. కానీ బ్యాంకులో చెప్పాల్సిన ఒక్క మాట చెప్పకపోతే లక్షల్లో తేడా వస్తుంది.

ముందు లెక్క చూడండి. 30 లక్షల లోన్, 8.5 శాతం మిత్తి, 20 ఏళ్ల గడువు అయితే నెల కిస్తీ రూ.26,035. మొదటి నెల అందులో రూ.21,250 మిత్తికే పోతుంది, అసలులో తగ్గేది రూ.4,785 మాత్రమే. రెండేళ్లలో దాదాపు 6.25 లక్షలు కట్టినా అసలు తగ్గేది 1.25 లక్షలే. అప్పుడు అదనంగా 2 లక్షలు కట్టి, కిస్తీ అలాగే ఉంచి గడువు తగ్గించమంటే 31 నెలలకు పైగా కిస్తీలు కట్టే పని తప్పుతుంది. రేటు మారకుంటే ఆదా అయ్యే మిత్తి సుమారు 6.2 లక్షలు. అదే 2 లక్షలు కట్టి గడువు కదపకుండా కిస్తీ తగ్గించుకుంటే నెలకు రూ.1,811 తగ్గుతుంది, చివరిదాకా ఆదా అయ్యేది 1.9 లక్షలే. ఇల్లు గడవడం కష్టమైతే తప్ప ఈ రెండో దారి పట్టొద్దు.

చేతిలో ఉన్నదంతా ఊడ్చి కట్టడం పెద్ద పొరపాటు. మామూలు ఇంటి లోన్‌లో కట్టిన డబ్బు ఆస్పత్రి ఖర్చు వచ్చినా వెనక్కి రాదు. ఆరు నెలల ఇంటి ఖర్చు, కిస్తీలు, పిల్లల ఫీజులు పక్కన పెట్టుకోండి. చిట్టీ ఎత్తుకున్నవాళ్లు మిగిలిన వాయిదాలకు కూడా డబ్బు ఉంచుకోవాలి. నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పుంటే ముందు అది తీర్చండి. అది ఏడాదికి 24 శాతం. అదే లెక్కన ఇంటి లోన్ నూటికి 71 పైసలే.

ఫ్లోటింగ్ రేటు (మిత్తి రేటు మారుతూ ఉండే) ఇంటి లోన్లపై ముందస్తు చెల్లింపు చార్జీ వేయొద్దని రిజర్వ్ బ్యాంక్ 2012లోనే బ్యాంకులకు చెప్పింది. ఫిక్స్‌డ్ రేటైతే (మారని మిత్తి రేటు) చార్జీ ఉండొచ్చు, అగ్రిమెంట్ చదివాకే కట్టండి.

ఎక్కువగా తప్పు జరిగేది డబ్బు జమ చేసేటప్పుడే. లోన్ ఖాతాకు ఊరికే పంపితే కొన్నిచోట్ల దాన్ని రాబోయే కిస్తీల కింద పట్టుకుంటారు, అసలు సొమ్ము తగ్గదు. ఇంకొన్నిచోట్ల అడగకుండానే కిస్తీ తగ్గించేస్తారు. కాబట్టి కాగితం మీద రాసివ్వండి: "ఈ రూ.2,00,000 అసలు కింద జమ చేసి, కిస్తీ మార్చకుండా గడువు తగ్గించగలరు." లోన్ నంబరు, తేదీ వేసి, ఒక కాపీ మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. చెక్కు ఇస్తే దాని మీదా లోన్ నంబరు రాయాలి. మధ్యవర్తి చేతికి డబ్బు ఇవ్వొద్దు. ఆ నెల కిస్తీకి సేవింగ్స్ ఖాతాలో డబ్బు వేరుగా ఉండాలి. ఉన్నదంతా లోన్‌లో వేసి కిస్తీ బౌన్సయితే జరిమానా పడుతుంది, సిబిల్ స్కోరూ (అప్పులు సరిగ్గా కడుతున్నారా అని చూపే మార్కు) దెబ్బతింటుంది.

కట్టిన వారంలోపు స్టేట్‌మెంట్ తీసి చూడండి. అసలు సొమ్ము సరిగ్గా రూ.2,00,000 తగ్గిందా, కిస్తీ అంతే ఉందా, చివరి కిస్తీ తేదీ ఇదివరకటి కంటే త్వరగా వచ్చేలా మారిందా? ఒక్కటి తేడా ఉన్నా ముద్ర వేసిన కాపీతో వెళ్లి అడగండి. వచ్చే కిస్తీ పడ్డాక మళ్లీ చూడండి, అందులో మిత్తి వాటా తగ్గి ఉండాలి. రేటు పెరిగినప్పుడు గడువు పెంచాలా, కిస్తీ పెంచాలా అన్నది మిమ్మల్ని అడగాలని రిజర్వ్ బ్యాంక్ 2023 ఆగస్టులో ఆదేశించింది. అడగకుండా గడువు సాగితే మీరు అదనంగా కట్టిన ఫలం అందులోనే కరిగిపోతుంది.

పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలు కింద కట్టింది 1.5 లక్షల పరిమితిలో మినహాయింపుకు వస్తుంది. మార్చి 31లోపు తేదీ ఉన్న రసీదు దాచుకోండి.

లోన్ మొత్తం తీరిపోతే ఇంటి ఒరిజినల్ కాగితాలు 30 రోజుల్లో ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5,000 పరిహారం చెల్లించాలి. కాగితాలు చేతికొచ్చాక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తనఖా రద్దు చేయించి, కొత్త ఈసీ (ఆస్తి మీద ఉన్న తనఖాలు, లావాదేవీలు చూపే పత్రం) తీసి ఆ ఎంట్రీ ఎక్కిందో లేదో చూసుకోండి.