ద్రాక్షతోటలో ఏడాది - 4వ పాఠం: చలికాలపు కత్తిరింపు

పోయిన పాఠంలో పీపాల్లో తగ్గిన వైన్‌ను అంచుదాకా నింపడం నేర్చుకున్నాం. అది ఆపకండి. ఇవాళ మాత్రం నేలమాళిగ వదిలి తోటలోకి వెళ్దాం. జనవరిలో ఫ్రాన్సులోని బర్గండీ తోటలన్నీ మోడుగా ఉంటాయి. ఆకు ఉన్నంతకాలం పాదు పిండిపదార్థాన్ని మానులోకి, వేళ్లలోకి దాచుకుంటుంది. అందుకే సెప్టెంబరులో పంట కోయగానే కత్తెర పట్టకూడదు.

మా దగ్గర వాడే పద్ధతి పేరు గియో. 19వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు జూల్ గియో పేరు మీద వచ్చింది. ద్రాక్ష గెల పోయినేడు పెరిగిన కొమ్మ మీది కన్ను (చిగురు వచ్చే మొగ్గ) నుంచే వస్తుంది, ముదురు మాను నుంచి దాదాపు రాదు. అందుకని పాదుకు రెండే ఉంచుతాం: ఆరు నుంచి ఎనిమిది కళ్లున్న పొడుగు కొమ్మ ఒకటి, రెండు కళ్లున్న పొట్టి మొండి ఒకటి. పొడుగు కొమ్మను ఇక్కడివాళ్లు 'బాగెట్' అంటారు, అవును, రొట్టె పేరే. మొండిని 'కుర్సో' అంటారు. బాగెట్ ఈ ఏటి పంటకు, కుర్సో వచ్చే ఏటి కొమ్మల కోసం.

ఇప్పుడు పాదు ముందు నిలబడండి. కత్తెర జేబులోనే ఉండనివ్వండి. ముందు పోయినేటి మొండిని వెతకండి. దాని మీద రెండు కొమ్మలు లేచి ఉంటాయి. పై కొమ్మ కొత్త బాగెట్, కింది కొమ్మను రెండు కళ్ల దగ్గర కోస్తే కొత్త కుర్సో. పాత బాగెట్‌ను దాని మీది కొమ్మలతో సహా ఒకే కోతలో తీసేయండి. కళ్లు లెక్కపెట్టేటప్పుడు కొమ్మ మొదట్లో మానుకు అంటుకుని ఉండే చిన్న బొడిపెను కలపకండి. కొత్తవాళ్ల లెక్క అక్కడే తప్పుతుంది.

నా మొదటి చలికాలం నేను ఇంకో రకంగా చెడగొట్టాను. మొండి మీది కొమ్మలు సన్నగా కనిపించాయి. పాత బాగెట్ చివర బొటనవేలంత లావు కొమ్మ ఊరించింది. దాన్నే ఉంచాను. లావు కొమ్మ ఆకు బాగా పెడుతుంది కానీ కాపు తక్కువ. పైగా పాదు తల మూరెడు పక్కకు జరిగి తరువాతి పాదు చోటులోకి వెళ్లింది. పక్క తోట పెద్దాయన చూసి, "నీ పాదు ఊరు వదిలి వెళ్తోందోయ్" అన్నాడు. దాన్ని వెనక్కి తేవడానికి మూడేళ్లు పట్టింది. పెన్సిలంత లావుంటే చాలు.

కోత మానుకు ఆనించి వేయకండి. కోసిన చోటు నుంచి కట్టె లోపలికి ఎండుతూ పోతుంది. ఆ ఎండిన భాగం రసం నడిచే దారిని తాకకుండా, కొమ్మ ఎంత లావో అంత ముక్క వదిలి కోయండి. గడ్డకట్టే చలిలో కట్టె పెళుసుగా ఉంటుంది, ఆ రోజు ఇంట్లోనే ఉండి కత్తెర పదును పెట్టుకోండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి? జనవరి 22న ద్రాక్ష రైతుల రక్షకుడు సెయింట్ విన్సెంట్ పండుగ, అది అయ్యాకే కొందరు మొదలుపెడతారు. 'ముందు కోసినా, ఆలస్యంగా కోసినా మార్చి కోతకు సాటి లేదు' అని ఇక్కడ ఒక సామెత. కారణం ఉంది. ఆలస్యంగా కోస్తే కళ్లు కొన్ని రోజులు ఆలస్యంగా విచ్చుకుంటాయి. 2021 ఏప్రిల్ మొదటి వారంలో మంచు పడినప్పుడు, ముందుగా చిగురించే షార్డొనే అనే తెల్ల ద్రాక్ష రకం తోటలు బాగా దెబ్బతిన్నాయి. అందుకే నేను పల్లపు వరుసలను చివరికి ఉంచుకుంటాను, చల్లగాలి అక్కడే పేరుకుంటుంది.

కానీ అంతా మార్చికి వదిలేస్తే టెన్షనే. నాది 0.3 హెక్టారు, మూడు వేల పాదులు. పాదుకు రెండు నిమిషాలేసుకుంటే వంద గంటలు.

అభ్యాసం: మొదటి రోజు పది పాదులే చేయండి. కోసే ముందు ఉంచదలచిన రెండు కొమ్మలకూ రంగు దారం కట్టండి. పదీ కట్టాక వెనక్కి వచ్చి మళ్లీ చూడండి, రెండు మూడు చోట్ల దారం మారుస్తారు. బాగెట్‌ను ఇనుప తీగకు వంచే పని మాత్రం ఇప్పుడు వద్దు, మార్చిలో తడి ఉన్న రోజున అయితే విరగదు. ఆ నెలలోనే ఒక పొద్దున కోసిన చివర నుంచి నీటి చుక్క కారుతూ కనిపిస్తుంది. ఆ తేదీ రాసి పెట్టుకోండి, 5వ పాఠానికి కావాలి.