గోదాము పాఠాలు – 4: ఏ బస్తా పక్కన ఏ బస్తా?

పోయిన పాఠంలో బస్తా మీద ముద్రించిన మాటలు చదవడం నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ బస్తాను ఎక్కడ దింపాలో చూద్దాం. చెన్నైలో రెడ్‌హిల్స్ దగ్గర మా ఎరువుల గోదాములో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ మొదటిరోజు అడిగేది ఒకటే: "అన్నా, ఇందులో పేలేది ఏది?" దాని పక్కన ఏముందని అడగాలి తమ్ముడూ, అంటాను.

పొటాషియం నైట్రేట్ తీసుకోండి, అదే బస్తా మీద 13-0-45 (నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) అని ఉండే ఎరువు. తనంతట తాను మండదు. మండేదానికి మాత్రం ఆక్సిజన్ అందిస్తుంది. మల్లె రైతులు దానితోపాటు గంధకం కూడా పట్టుకెళ్తారు కాబట్టి రెండూ ఒకేచోట ఉంటే చేతికి అందుతాయనిపిస్తుంది. వాటికి బొగ్గు తోడైతే తుపాకీ మందే! అందుకే నైట్రేట్లు ఒక గదిలో, గంధకం, పురుగుమందులు, డీజిల్, ఖాళీ గోనెలు ఇంకో గదిలో. మధ్యలో గోడ ఉండాలి, సున్నంతో గీత గీస్తే సరిపోదు. బ్లీచింగ్ పౌడర్‌ను యూరియా దరిదాపులకు రానివ్వకండి. తడిసి కలిస్తే పేలే గుణమున్న నైట్రోజన్ ట్రైక్లోరైడ్ పుట్టొచ్చు.

ఇక మన చెన్నై తలనొప్పి, తేమ. చేతికి గ్లౌజు వేసుకుని, వంటింటికి మళ్లీ వెళ్లని ఒక పళ్లెంలో చెంచాడు యూరియా, చెంచాడు కాల్షియం అమ్మోనియం నైట్రేట్ అంచులు తగిలేలా పోయండి. కాసేపటికి ఆ అంచు చెమ్మగిల్లుతుంది, తర్వాత జావ అవుతుంది. 30 డిగ్రీల వేడిలో గాలి తేమ 73 శాతం దాటితే గానీ యూరియా నీరు పీల్చదు. పళ్లెంలోని రెండో ఎరువులో ఉండే అమ్మోనియం నైట్రేట్‌కు 59 శాతం చాలు. రెండూ కలిస్తే 18 శాతానికే మొదలు. అంత పొడిగాలి ఈ ఊళ్లో నేనైతే చూడలేదు.

మూడేళ్ల కింద నేనే ఒక తెలివితక్కువ పని చేశాను. వాన పడుతోందని కుట్టియానై (చిన్న సరుకుల బండి)ని లోపలికి రమ్మన్నాను. అది వెళ్లాక నేల మీద అరచేయంత నల్లటి నూనె మరక, దాని మీద చిరిగిన బస్తాలోంచి రాలిన తెల్లటి గుళికలు. పైన రంపపు పొట్టు చల్లి ఊడ్చేశాను. నైట్రేట్, నూనె, పొట్టు, మూడూ ఒకే చీపురు కింద! ఇప్పుడు బండి గుమ్మం బయటే ఆగుతుంది. రాలిన గుళికల్ని శుభ్రమైన ప్లాస్టిక్ చేటతో ఎత్తి, పేరు రాసిన డబ్బాలో పోస్తాం. మళ్లీ బస్తాలో కలపం.

బస్తాల కింద చెక్క కాకుండా ప్లాస్టిక్ పలకలు వేయండి. నైట్రేట్ పీల్చిన చెక్క ఇట్టే అంటుకుంటుంది. బల్బు కింద పేర్చొద్దు.

మన చెన్నై మణలి సంగతి గుర్తుందా? కస్టమ్స్ 2015లో పట్టుకున్న దాదాపు 700 టన్నుల అమ్మోనియం నైట్రేట్ అక్కడి కంటైనర్ యార్డులో ఏళ్లపాటు పడి ఉంది. 2020 ఆగస్టు 4న లెబనాన్‌లోని బేరూత్ రేవులో 2,750 టన్నులు పేలాక గానీ దాన్ని హైదరాబాద్‌కు తరలించలేదు. ఆ సరుకుకు 2012 అమ్మోనియం నైట్రేట్ నిబంధనల కింద వేరే లైసెన్స్ ఉండాలి. "నాలుగు రోజులు ఉంచు బావా" అని ఎవరు తెచ్చినా గుమ్మం దగ్గరే తిప్పి పంపండి.

ఇంటిపని: మీ గోదాము పటం గీసి, నైట్రేట్ ఉన్న ప్రతిచోటా ఎర్ర చుక్క పెట్టండి. చుక్కకు పది అడుగుల్లో ఏముందో రాయండి. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. నైట్రేట్ మంట ఇసుక చల్లితే ఎందుకు ఆరదో వచ్చే పాఠంలో దానితోనే మొదలుపెడదాం.