పాత ఇద్దరి సోఫా: ఊగితే, కుంగితే, పొడి రాలితే ఏం చేయాలి?

టేకుతోనో రోజ్‌వుడ్‌తోనో చేసిన ఫ్రేము, సీటుకూ వీపుకూ పేము అల్లిక, పక్కపక్కనే ఇద్దరు సరిగ్గా పట్టే వెడల్పు. లవ్‌సీట్ అనే ఈ రకం యూరప్‌లో పుట్టింది. దొరల బంగళాల మీదుగా మన ఊళ్లకు చేరి, మన ఎండలకు తగ్గట్టు దూదీ బట్టా వదిలేసి పేము సీటు తొడుక్కుంది. ఇప్పటి అపార్ట్‌మెంట్ హాల్లో పెద్ద సోఫాసెట్ పట్టని చోట ఇది హాయిగా పడుతుంది. అయినా చాలా ఇళ్లలో ఇది చిన్న రిపేరుకే అటక ఎక్కుతోంది, లేదా పాతసామాను బండి ఎక్కుతోంది. ఆ రిపేర్లలో ఎక్కువ భాగం ఇంట్లోనే అయిపోయేవి. ఏ లోపం ఎక్కడి నుంచి వచ్చిందో ముందు పట్టుకోవాలి.

ఊగుతోంది, కూర్చుంటే కిర్రుమంటోంది

ఊగేది సోఫానా, నేల ఎగుడుదిగుడా? ముందు అది తేల్చండి. సోఫాను రెండడుగులు పక్కకు జరిపితే తెలిసిపోతుంది. కొత్త చోట ఊగకపోతే లోపం టైల్స్‌ది, కాలి కింద ఫెల్టు ముక్క అతికిస్తే చాలు. అక్కడా ఊగితే ఒక చేత్తో సీటు ఫ్రేము గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో వీపును మెల్లగా ముందుకూ వెనక్కూ కదపండి. ఏ మూల సందు తెరుచుకుని మూసుకుంటోందో కనిపిస్తుంది. చాలాసార్లు అది వెనక కాలు సీటుతో కలిసే చోటే ఉంటుంది, ఎందుకంటే వెనక్కు వాలినప్పుడు బరువంతా అక్కడే పడుతుంది.

కారణం చెక్క కాదు, జిగురు. ఆ రోజుల్లో జంతువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసిన జిగురు వాడేవారు. చెక్క ఎండాకాలం కుంచించుకుంటుంది, వానాకాలం ఉబ్బుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగేసరికి జిగురు పెళుసెక్కి పట్టు వదిలేస్తుంది.

మేకు మాత్రం కొట్టించకండి. ఎండిన పాత చెక్క మేకు దిగగానే చీలుతుంది. తర్వాత ఆ మేకు తుప్పు పట్టి చుట్టూ నల్లటి మరక చేస్తుంది. సందులో పైనుంచి ఫెవికాల్ పోసినా లాభం లేదు, పాత జిగురు పొర మీద కొత్తది పట్టదు. ఆ జాయింటును విప్పాల్సిందే. విప్పేముందు ఫ్రేము పక్కన పెన్సిలంత గుండ్రని మచ్చ ఉందేమో వెతకండి. అది అడ్డంగా దించిన చెక్క మేకు. దాన్ని తీయకుండా లాగితే కాలు విరుగుతుంది. ప్రతి ముక్క మీదా చాక్‌పీసుతో నంబరు వేసుకోండి. గట్టిగా ఉన్న జాయింట్ల జోలికి వెళ్లకండి.

విడిపోయిన చోట గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డ కాసేపు చుట్టి ఉంచితే పాత జిగురు మెత్తబడి బంకలా వస్తుంది. మొండి చాకుతో దాన్ని తీసేయండి. చెక్కను మాత్రం గీకకూడదు, గీకితే జాయింటు ఇంకా వదులవుతుంది. ఒకరోజు నీడలో ఆరనిచ్చి కొత్త జిగురు పూసి బిగించండి. క్లాంపులు లేకపోతే ఫ్రేము చుట్టూ తాడు రెండు వరసలు కట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలితిప్పితే అంతే గట్టిగా బిగుస్తుంది. తాడు ఒరుసుకునే మూలల్లో మడత పెట్టిన గుడ్డ పెట్టండి. జిగురు గట్టిపడేలోపే నాలుగు కాళ్లూ నేలకు ఆనుతున్నాయా, సీటు మూల నుంచి మూలకు రెండు వైపులా కొలత ఒకటేనా అని చూసుకోండి. మర్నాటి దాకా ఎవర్నీ కూర్చోనివ్వకండి.

పేము కుంగిపోయింది

ఒక్క పోగు కూడా తెగకుండా కేవలం గిన్నెలా దిగిపోయి ఉంటే అదృష్టమే. పేము వాడకంలో సాగుతుంది, నీళ్లు తగిలి ఆరితే మళ్లీ బిగుస్తుంది. సోఫాను బోర్లించి, వేడినీళ్లలో తడిపిన తువ్వాలును అల్లిక అడుగు వైపు అరగంట పరచండి. పై వైపు తడిపితే పని జరగదు, నున్నగా మెరిసే ఆ పొర నీళ్లు పీల్చదు. పైగా ఫ్రేము పాలిష్ కూడా పాడవుతుంది. తర్వాత తువ్వాలు తీసి, రాత్రంతా నీడలో గాలికి వదిలేయండి. పొద్దున్నకి వేలితో తడితే అల్లిక బిగువుగా పలుకుతుంది.

రోజంతా ఏసీ నడిచే గదిలో పేము పెళుసవుతుంది. అక్కడ ఉంచక తప్పకపోతే అప్పుడప్పుడూ అడుగు వైపు తడిగుడ్డతో తుడవండి.

పోగులు తెగి ఉంటే ఫ్రేము అంచు చూడండి. చుట్టూ వరసగా రంధ్రాలుంటే అది చేత్తో అల్లినది. నిలువు రెండు, అడ్డం రెండు, ఐమూల రెండు, మొత్తం ఆరు వరసల పని. అల్లేవాళ్లకు ఇవ్వాల్సిందే, కూలీ కూడా దండిగానే అవుతుంది. రంధ్రాల బదులు అంచు వెంట గాడి, అందులో సన్నని పేము బద్ద కనిపిస్తే అది రెడీమేడ్ షీటు. బద్ద ఊడదీసి, నానబెట్టిన కొత్త షీటును గాడిలోకి దిగ్గొట్టి మళ్లీ బద్ద బిగిస్తారు, పని త్వరగా అయిపోతుంది. చవకని ప్లాస్టిక్ వైరు అల్లిక వేయిస్తామంటే ఒప్పుకోకండి. అది సాగితే మళ్లీ బిగవదు, పాత చెక్క పక్కన పరాయిగానే ఉంటుంది.

కింద పొడి రాలుతోంది

టాల్కం పౌడరులా మెత్తటి పొడి, చెక్క మీద ఆవగింజంత గుండ్రని రంధ్రాలు ఉంటే అది పుచ్చు పురుగు. మట్టి గొట్టాలు కనిపిస్తే అది చెద. రెండింటికీ వైద్యం వేరు. చెద నేల నుంచో గోడ నుంచో వస్తుంది కాబట్టి సోఫాకు మందు కొట్టి ఊరుకుంటే చాలదు, ఇంటికి పెస్ట్ కంట్రోల్ చేయించాలి. సోఫాను గోడకు నాలుగు వేళ్ల దూరం జరపాలి.

పుచ్చు పురుగు తినేది తెల్లచెక్కను, అంటే దుంగ బయటి వైపు లేత భాగాన్ని, ఇంకా పేమును. చేవ ఉన్న టేకును అంత తేలిగ్గా ముట్టదు. అందుకే రంధ్రాలన్నీ అంచున ఉన్న తెల్లచెక్కలోనే ఉంటే ఫ్రేము బలానికి ఢోకా లేదు. పురుగు ఇంకా బతికుందో లేదో తేల్చుకోవడానికి పాత పొడంతా ఊడ్చేసి కింద నల్ల కాగితం పరచండి. కొన్ని వారాలు చూసినా కొత్త పొడి పడకపోతే అవి పాత గాయాలే. మైనం పూసి మూసేయండి. పడుతుంటే పాలిష్ లేని అడుగు భాగాలకు బోరిక్ మందు పట్టించాలి, రంధ్రాల్లోకి సిరంజితో మందు ఎక్కించాలి. కిరోసిన్ పోయడం పాత అలవాటు. అది ఆవిరైపోయాక చెక్కకు రక్షణేమీ మిగలదు, పైగా నిప్పు భయం.

పాలిష్ మీద తెల్ల మచ్చ

కాఫీ కప్పో నీళ్ల గ్లాసో పెట్టిన చోట తెల్లటి వలయం పడితే, అది చాలామటుకు లక్క పాలిష్. లోపలికి చెమ్మ చేరింది. కనిపించని చోట చుక్క స్పిరిట్ వేసి చూడండి, జిగటగా మారితే లక్కే. అప్పుడు గుడ్డకు స్పిరిట్ తగిలీ తగలనట్టు అద్దుకుని, ఆగకుండా మచ్చ మీద ఒకే ఊపులో రాసేయాలి. ఆగితే పొరే ఊడుతుంది. దీనికోసం మొత్తం సాండింగ్ చేయించి మెలమైన్ కోటింగ్ వేయించకండి. ఆ రంగు రావడానికి దశాబ్దాలు పట్టింది, తిరిగి రాదు.

పెద్దవాళ్లకు లేవడం కష్టంగా ఉంది

పాత సీట్లు కొన్ని కిందికి ఉంటాయి. కాళ్ల కింద చెక్క దిమ్మెలు పెట్టి ఎత్తు పెంచితే మళ్లీ ఊగుడు మొదలవుతుంది. రెండంగుళాల గట్టి ఫోమ్ కుషన్ వేయండి. పేముకూ బరువు సమంగా పడుతుంది. పిల్లలు సీటు మీద మోకాళ్లతో నిలబడకుండా చూడండి. పేము తెగేది ఎక్కువగా అప్పుడే.

అమెరికాలో ఉన్న పిల్లలకు పంపాలంటే

ఇది మరమ్మతు కాకపోయినా టెన్షన్ పెట్టే సమస్యే. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువును సొంతంగా దేశం దాటించకూడదు. వయసు అంతకంటే తక్కువే అనుకుంటే, ముందుగా పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోండి. రోజ్‌వుడ్ అయితే ఇంకో మెట్టు ఉంది. 2017 నుంచి ఆ జాతి కలపంతా అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది. కాబట్టి ఏ చెక్కో తెలిసిన వడ్రంగి చేత చూపించి, కాగితాలన్నీ చేతికొచ్చాకే ప్యాకర్లను పిలవండి.