లోకాశలను ఎదిరించడం, 3వ పాఠం: చూపు దగ్గరే ఆపడం

గత పాఠంలో యాకోబు 1:14-15 చదివి, దురాశ పాపంగా ఎలా ముదురుతుందో చూశాం. ఈ వారం 1 యోహాను 2:16లో చెప్పిన నేత్రాశ, అంటే కంటితో చూసి ఆశపడటం మీద పని చేద్దాం. బైబిలు, నోటుబుక్కు, పెన్ను దగ్గర పెట్టుకోండి.

ముందు యెహోషువ 7:21 నిదానంగా రెండుసార్లు చదవండి. యెరికో దోపుడు సొమ్ములో ముట్టకూడనివి దొంగిలించిన ఇశ్రాయేలీయుడు ఆకాను ఏం ఒప్పుకున్నాడు? షీనారు (బబులోను ప్రాంతం) పైవస్త్రాన్ని, 200 తులాల వెండిని, 50 తులాల బంగారు కమ్మిని చూశాడు, ఆశించాడు, తీసుకున్నాడు, డేరాలో పాతిపెట్టాడు. చాలామంది విశ్వాసులు తీసుకునే దగ్గర పోరాటం మొదలుపెట్టి ఓడిపోతారు. అప్పటికే మనసు ఆ వస్తువును సొంతం చేసుకుని ఉంటుంది. కంట పడటం పాపం కాదు. మళ్లీ చూడాలని తల తిప్పే ఆ క్షణం దగ్గరే నిలబడాలి.

ఇక అభ్యాసం. ఏడు రోజులపాటు ప్రతి రాత్రి మూడు సంగతులు రాయండి: ఏది చూశాను, ఎక్కడ, ఏ వేళలో. 'శోధన (పాపం వైపు లాగే ఆశ) వచ్చింది' అని రాస్తే దేనికీ పనికిరాదు. 'శెనక్కాయలు అమ్మిన డబ్బు జేబులో ఉండగా, ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల దగ్గర' అని రాయండి. 'రాత్రి పదిన్నరకు, మంచం మీద, ఫోనులో క్రికెట్ బెట్టింగ్' అని రాయండి. వారం తిరిగేసరికి అదే చోటు, అదే వేళ మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

బంగారం కొనడం తప్పని ఈ పాఠం చెప్పడం లేదు. పక్కింటివాళ్లు చేయించుకున్నారని అప్పు తెచ్చి కొనడమే ఉరి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 50,000 తెస్తే, ఏడాదికి వడ్డీ ఒక్కటే 12,000. ఆ లెక్క అంగడికి పోకముందే కాగితం మీద వేయండి.

మత్తయి 4లో తనను శోధించిన అపవాదికి ప్రభువైన యేసు ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండం 8:3, 6:16, 6:13 నుంచే వచ్చాయి. ఏ శోధనకు తగిన వాక్యం దానికి వాడాడు. మీరూ రాసుకున్న ఒక్కో చోటికి ఒక్కటే వాక్యం ఎంచుకోండి. కొనాలన్న యావకు హెబ్రీ 13:5, సులువు డబ్బుకు సామెతలు 13:11, చూడకూడని బొమ్మలకు కీర్తన 119:37. పది వాక్యాలు సగం సగం వస్తే ఆ వేళకు ఒక్కటీ నోటికి రాదు. బయటికి వినబడేలా పలికి కంఠస్థం చేయండి.

వాక్యంతోపాటు కాళ్లూ కదలాలి. యజమాని భార్య తనతో పాపం చేయమని వస్త్రం పట్టుకుంటే, యోసేపు ఆ వస్త్రం వదిలేసి బయటికి పారిపోయాడు (ఆదికాండం 39:12). ఫోను దిండు కింద పెట్టుకుని ప్రార్థన చేస్తే, ప్రార్థన అయిన ఐదు నిమిషాలకే చేయి అటు పోతుంది. తొమ్మిదికల్లా ఛార్జింగు ముందు గదిలో పెట్టండి. పంట డబ్బు ముందు బ్యాంకులో వేసి, ఆ తర్వాతే బజారుకు పోండి.

పడిపోతే? ఎక్కువమంది చెడిపోయేది ఇక్కడే. సిగ్గుతో ఆదివారం ఆరాధన మానేస్తారు, ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆచరణకు) దూరమవుతారు. ఆకాను పాతిపెట్టినట్టే ఇదీ దాచడమే. అదే రోజు దేవుని దగ్గర ఒప్పుకుని, యాకోబు 5:16 ప్రకారం ఒక్కరికి చెప్పండి. మగవాళ్లు అనుభవమున్న సహోదరుడికి, ఆడవాళ్లు సహోదరికి. ప్రార్థన అంశం పేరుతో ఊరంతా చాటేవాళ్లకు మాత్రం చెప్పొద్దు.

4వ పాఠం అదే వచనంలోని జీవపు డంబం, అంటే ఉన్నదాన్ని చూసుకుని గొప్పలకు పోవడం గురించి. దానికి ముందు ఈ ఏడు రోజుల పేజీ పూర్తి చేసి, అందులో ఎక్కువసార్లు వచ్చిన చోటు కింద గీత గీసి తీసుకురండి.