ఎడారిలో లూప్ నడకా? ఎటునుంచి తిరగాలో ముందు చూసుకోండి
ఎడారి అభయారణ్యంలో బయలుదేరిన చోటికే చేర్చే తేలికపాటి బాటను ఎంచుకునేటప్పుడు చాలామంది దూరమే చూస్తారు. నేనైతే ముందు ఎత్తు ఎటువైపు ఉందో చూస్తాను. ఎక్కాల్సిన భాగం పొద్దుటి చల్లదనంలోనే అయిపోయేలా తిరగండి. ఎండ ముదిరేసరికి దిగుతూ ఉంటారు. మనిషికి గంటకు సుమారు లీటరు నీళ్లు లెక్కవేసుకోండి. సగం దారి రాకముందే సగం నీళ్లు అయిపోతే మొండికి పోకుండా వెనుదిరగండి.

అమెరికా, మెక్సికోల్లో విస్తరించిన సోనోరన్ ఎడారికి వెళ్తుంటే జేబులో దువ్వెన తప్పనిసరి. అక్కడ పెరిగే చోయా అనే కాక్టస్ మొక్క ముళ్ల గుత్తి ఇట్టే ఒంటికి పట్టేస్తుంది. చేత్తో లాగితే వేళ్లలో దిగుతుంది. దువ్వెన పళ్లను గుత్తి కిందికి దూర్చి, ఎదురుగా ఎవరూ లేకుండా చూసుకుని, ఒక్క విసురుతో ఎగరగొట్టాలి.

మ్యాపును ముందే ఫోనులోకి దించుకోండి. లోపల సిగ్నల్‌ను నమ్మలేం.